కొత్త కమ్యూనిటీలో మడ్ ట్యాక్స్: ఎవరు వేస్తారు, ఎవరు నడుపుతారు, ఎప్పటికి తగ్గుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హ్యూస్టన్‌కి పడమట, కేటీ దాటాక కొత్తగా వేస్తున్న ఒక మాస్టర్ ప్లాన్డ్ కమ్యూనిటీలో ఇల్లు బుక్ చేయబోతున్నారు. ఆ చోటు ఏ సిటీలోనూ లేదు, మేయర్ లేడు. అయినా పన్నుల పట్టీలో కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ పక్కన మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ (పొట్టిగా మడ్) పేరుతో ఇంటి విలువలో వంద డాలర్లకు 1.20 డాలర్లు ఉంది. సేల్స్ ఆఫీసులో అడిగితే "మడ్ ట్యాక్సా, కొన్నేళ్లలో పోతుందండీ" అన్నారు. ఇది హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) లాంటిదేనా, దీని మీద పెత్తనం ఎవరిది, నిజంగానే పోతుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మడ్ హెచ్‌ఓఏ కాదు. అది టెక్సస్ చట్టం కింద ఏర్పడిన స్థానిక ప్రభుత్వం. ఐదుగురు డైరెక్టర్ల బోర్డు దాన్ని నడుపుతుంది. పన్ను వేస్తుంది, అప్పు తెస్తుంది, నీళ్ల రేటు పెడుతుంది. మొదట్లో ఆ బోర్డు డెవలపర్ పని జరగడానికే ఏర్పడుతుంది. ఇళ్లు నిండాక అక్కడ కాపురం ఉంటున్న ఓటర్ల చేతికి రావాలి, వాళ్లు పట్టించుకుంటే వస్తుంది. ఇక పన్ను "పోవడం" అన్నది ఉండదు. అప్పు తీరేకొద్దీ రేటు తగ్గొచ్చు, నిర్వహణ పన్ను మాత్రం మిగిలే ఉంటుంది. ఎంత త్వరగా తగ్గుతుందో తెలియాలంటే ఒక అంకె చూడాలి: ఓటర్లు ఆమోదించినా ఇంకా జారీ చేయని బాండ్లు, అంటే మడ్ అప్పు పత్రాలు, ఎంత మిగిలాయి. ఆ అంకె చూడకుండా సేల్స్ మనిషి మాట నమ్మొద్దు.

ఇది ఎలా పుడుతుంది

1917లో టెక్సస్ రాజ్యాంగానికి చేసిన సవరణ (16వ అధికరణం, 59వ సెక్షన్) ఇలాంటి డిస్ట్రిక్టులకు ఆధారం. రోజువారీ నియమాలు వాటర్ కోడ్‌లో 49, 54 అధ్యాయాల్లో ఉంటాయి. భూమి యజమాని, అంటే మామూలుగా డెవలపరే, రాష్ట్ర పర్యావరణ కమిషన్ టీసీఈక్యూకి పిటిషన్ పెట్టుకోవచ్చు, లేదా శాసనసభలో ప్రత్యేక బిల్లు పెట్టించుకోవచ్చు. భూమి ఏదైనా సిటీ ఈటీజేలో, అంటే సిటీ పొలిమేర అవతల దాని ప్రభావం నడిచే పరిధిలో ఉంటే ఆ సిటీ సమ్మతి కూడా కావాలి.

తర్వాత కన్ఫర్మేషన్ ఎలక్షన్ జరుగుతుంది. అప్పటికి అక్కడ ఉన్నది ఖాళీ పొలమే కాబట్టి ఓటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఒక మూల ట్రైలర్ పెట్టి ఒకరిద్దరు కాపురం ఉండి, వాళ్లే ఓటేయడం టెక్సస్‌లో కొత్తేమీ కాదు. డిస్ట్రిక్ట్‌ని ఖాయం చేసే ఆ ఓటింగులోనే కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతి కూడా వచ్చేస్తుంది. చట్టప్రకారం ఇది చెల్లుతుంది. మీరు రాకముందే, మీరు తీర్చబోయే అప్పుకు ఒప్పుదల అయిపోయిందని మాత్రం తెలుసుకుని ఇల్లు కొనాలి.

తొలి డైరెక్టర్ల విషయంలోనూ నియమాలున్నాయి. డెవలపర్, అతని ఉద్యోగి, దగ్గరి బంధువు, డిస్ట్రిక్ట్‌కి లాయర్‌గానో ఇంజినీర్‌గానో పనిచేసేవారు డైరెక్టర్లు కాకూడదు. కానీ డైరెక్టర్ కావడానికి డిస్ట్రిక్ట్‌లో ఓటరై ఉండాలి, లేదా పన్ను పడే భూమి కొంచెమైనా ఉండాలి. అందుకే డెవలపర్ ఒక చిన్న ముక్క వాళ్ల పేరిట రాసి, బోర్డు కట్టడం మామూలే. ఆ దశలో బోర్డు స్వతంత్రంగా డెవలపర్‌తో బేరమాడుతుందని ఆశించకండి.

మీ డబ్బు ఎటు పోతుంది

నీళ్ల ప్లాంటు, మురుగు లైన్లు, మురుగును ఎత్తిపోసే లిఫ్ట్ స్టేషన్, వాననీటి కాలువలు, వాననీరు నిలిపే చెరువు (డిటెన్షన్ పాండ్), అధికారం ఉంటే రోడ్లు, పార్కులు, ఇవన్నీ ముందు డెవలపర్ సొంత డబ్బుతో వేస్తాడు. ఇళ్లు కట్టి, అమ్మి, పన్ను పడే విలువ పెరిగాక మడ్ బాండ్లు అమ్మి ఆ ఖర్చును అతనికి తిరిగిస్తుంది. ఆ బాండ్లను మీ పన్నుతో ఇరవై, పాతికేళ్ల పాటు తీరుస్తారు. కొన్ని ఖర్చుల్లో 30 శాతం డెవలపరే భరించాలని టీసీఈక్యూ నిబంధన ఉంది, మినహాయింపులూ ఉన్నాయి. నీళ్లు, మురుగు, డ్రైనేజీ బాండ్లను టీసీఈక్యూ ఇంజినీరింగ్, ఆర్థిక లెక్కలు చూసి అనుమతిస్తుంది. రోడ్డు బాండ్లకు ఆ పరిశీలన ఉండదు. అన్ని బాండ్లనూ చివర్లో అటార్నీ జనరల్ ఆఫీసు ఆమోదించాలి.

డెవలపర్ డబ్బు ఒక్కసారే తిరిగి రాదు. కమ్యూనిటీ సెక్షన్లవారీగా పెరుగుతుంది, బాండ్లూ సిరీస్‌ల వారీగా, అంటే విడతలుగా వస్తాయి. కొత్త ఇళ్ల విలువ చేరినప్పుడు రేటు తగ్గాల్సింది పోయి, ఆ వెసులుబాటుతో ఇంకో సిరీస్ అమ్ముతారు. రేటు అక్కడే నిలబడిపోతుంది. "రేటు పెరగలేదు కదా" అని బోర్డు అంటుంది, అదీ నిజమే. కానీ ఆ రేటుతో మీరు తీరుస్తున్న అప్పు మాత్రం పెరిగి ఉంటుంది.

ఈ బాండ్లకు పన్ను రేటు మీద పరిమితి ఉండదని కూడా గుర్తుంచుకోండి. ఇళ్ల అమ్మకాలు ఆగిపోతే ఉన్న ఇళ్ల మీదే భారం పడుతుంది. 1980ల్లో చమురు ధర పడిపోయినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల కొన్ని మడ్‌లు ఇలాగే చితికిపోయాయి. ఇప్పుడు కొంత ఇళ్ల విలువ కనిపించాకే బాండ్లు అమ్మాలన్న నియమాలు దాని తర్వాత బిగించినవే. అందుకని సగం కూడా నిండని కమ్యూనిటీలో మొదటి సెక్షన్ కొనేవారికి రిస్కు ఎక్కువ, దాదాపు నిండిపోయిన దాంట్లో తక్కువ.

లెక్క వేసి చూడండి

5 లక్షల డాలర్ల ఇల్లు, మడ్ రేటు 1.20 అంటే ఏడాదికి 6,000, నెలకు 500. ఆ 1.20లో రెండు ముక్కలుంటాయి. ఉదాహరణకు అప్పు కోసం 0.85 అయితే 4,250, నిర్వహణకు 0.35 అయితే 1,750. రేపు అప్పంతా తీరినా ఆ రెండో ముక్క ఉంటుంది. నీళ్ల ప్లాంటు మోటార్లు పాతబడేకొద్దీ అది పెరగొచ్చు కూడా.

రేటు తగ్గితే బిల్లు తగ్గుతుందనీ అనుకోవద్దు. రేటు 1.20 నుంచి 0.95కి దిగి, ఇంటి విలువ 5 లక్షల నుంచి 6 లక్షల 20 వేలకు ఎక్కితే మీరు కట్టేది 5,890. ఆదా అయింది 110 డాలర్లే. హోమ్‌స్టెడ్, అంటే సొంతంగా కాపురం ఉండే ఇంటికిచ్చే మినహాయింపు, వేసుకుంటే పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా అడ్డు ఉంటుంది. అది మడ్‌కీ వర్తిస్తుంది. కానీ అందరూ చెప్పుకునే పెద్ద మినహాయింపు, ఇప్పుడు 1 లక్షా 40 వేల డాలర్లది, స్కూలు పన్నుకే. మడ్ తన ఇష్టం మీద 20 శాతం దాకా ఇవ్వొచ్చు, ఇచ్చి తీరాలని లేదు. కొత్త మడ్‌లు అప్పు తీర్చే ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి ఇవ్వడం అరుదు.

కొత్త ఇల్లు కొన్న మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఎస్క్రో దగ్గర, అంటే పన్ను కోసం లెండర్ నెలనెలా తీసిపెట్టే డబ్బు దగ్గర. టెక్సస్‌లో పన్ను విలువ జనవరి 1న ఉన్న స్థితిని బట్టి కడతారు. మీరు జులైలో తాళాలు తీసుకున్నా, ఆ జనవరి 1న అక్కడ ఉన్నది ఖాళీ లాట్. లాట్ విలువ 80 వేలు, అన్నీ కలిపి పన్ను రేటు 3 శాతం అనుకుంటే ఆ ఏడు పన్ను 2,400. లెండర్ దాన్ని చూసి నెలకు 200 ఎస్క్రో పెడతాడు. మరుసటి ఏడు పూర్తి ఇంటి మీద, మినహాయింపులు పక్కన పెడితే, బిల్లు 15,000 వస్తుంది. 12,600 తరుగు. దాన్ని 12 నెలలకు పంచితే నెలకు 1,050, అసలు కట్టాల్సింది 1,250, రెండూ కలిసి 200 ఉన్న చోట 2,300. ఈఎంఐ ఒక్కసారిగా రెండు వేలు పైకి పోవడానికి కారణం ఇదే. క్లోజింగ్‌కి ముందే "పూర్తి ఇంటి విలువ మీద ఎస్క్రో వేయండి" అని లెండర్‌కి రాసి అడగండి. ఒప్పుకోకపోతే ఆ తేడాను విడిగా ఒక ఖాతాలో వేసుకుంటూ పోండి.

ఏది ఎవరి పని

ఇక్కడ గందరగోళం ఎక్కువ కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. వీధి మెయిన్ లైన్ నుంచి మీ మీటర్ దాకా పైపు మడ్‌ది, మీటర్ నుంచి ఇంట్లోకి మీది. మురుగు లైన్లు, ప్లాంటు, వాననీటి చెరువులు మామూలుగా మడ్‌వి. కానీ ఆ చెరువు చుట్టూ గడ్డి కోయించేది, ఫౌంటెన్ నడిపేది హెచ్‌ఓఏ కావచ్చు, రెండూ కలిసి ఒప్పందం రాసుకుని ఉండొచ్చు. రోడ్లు కౌంటీ స్వీకరించాక కౌంటీవి. చెత్త చాలా చోట్ల మడ్ కాంట్రాక్టు, నీళ్ల బిల్లులోనే కలిసి వస్తుంది. పోలీసు ఉండరు, షెరిఫ్‌తోనో కాన్‌స్టేబుల్ ఆఫీసుతోనో గస్తీ ఒప్పందం ఉంటుంది, ఆ ఖర్చు మడ్, హెచ్‌ఓఏ పంచుకోవచ్చు. అగ్నిమాపకం ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ అనే వేరే డిస్ట్రిక్ట్, దానికి విడిగా వందకు 10 సెంట్ల దాకా పన్ను. గేటు రంగు, కంచె ఎత్తు, ముందు లాన్ ఎండిందని నోటీసు, ఇవన్నీ హెచ్‌ఓఏ. హెచ్‌ఓఏ మన హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీ సంఘం లాంటి ప్రైవేటు సంస్థ. మడ్‌కి ప్రభుత్వ రికార్డుల చట్టం, బహిరంగ సమావేశాల చట్టం రెండూ వర్తిస్తాయి.

ఒకే కమ్యూనిటీలో నాలుగైదు మడ్‌లు ఉండటం సాధారణం. వీధికి అటు ఒకటి, ఇటు ఒకటి, రెండు రేట్లు. పక్కింటి రేటు చూసి మీది అదే అనుకోవద్దు. పెద్ద కమ్యూనిటీల్లో ఒక మాస్టర్ డిస్ట్రిక్ట్ నీళ్ల ప్లాంటు, మురుగు ప్లాంటు నడిపి మిగతా మడ్‌లకు ఖర్చు పంచుతుంది. కేటీ దగ్గరి సింకో రాంచ్ అనే కమ్యూనిటీలో అలాంటి ఏర్పాటే. అక్కడ అసలు పెద్ద నిర్ణయాలు మాస్టర్ బోర్డులో జరుగుతాయి, మీ మడ్ బోర్డు వాటా కడుతుంది. ఫోర్ట్ బెండ్ కౌంటీలో బ్రేజోస్ నది వైపు అయితే వరద కట్టల కోసం లెవీ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ మరొకటి ఉండొచ్చు. అప్పుడు పన్నులు రెండు.

నీళ్ల బిల్లులో మీరు గుర్తుపట్టని ఒక పద్దు ఉంటుంది, నార్త్ ఫోర్ట్ బెండ్ వాటర్ అథారిటీ లేదా వెస్ట్ హ్యారిస్ కౌంటీ రీజినల్ వాటర్ అథారిటీ పేరుతో వెయ్యి గాలన్లకు ఇంత అని. బోరు నీళ్లు తోడి తోడి ఈ ప్రాంతంలో నేల కుంగింది. అందుకే 1975లో హ్యారిస్-గాల్వెస్టన్ సబ్సిడెన్స్ డిస్ట్రిక్ట్, 1989లో ఫోర్ట్ బెండ్ సబ్సిడెన్స్ డిస్ట్రిక్ట్ పెట్టి, బోర్ల నుంచి నది నీళ్లకు మారమన్నారు. ఆ మార్పు ఖర్చే ఈ రుసుము. మడ్ బోర్డు చేతిలో అది లేదు, వసూలు చేసి పైకి పంపుతుందంతే. ఎండాకాలంలో స్ప్రింక్లర్లు నడిపే ఇళ్లలో ఈ పద్దు అసలు నీళ్ల ధరను మించిపోవచ్చు.

బోర్డులో మీ మాట

మడ్‌కి సొంత ఉద్యోగులు దాదాపు ఉండరు. లాయర్, ఇంజినీర్, ఆపరేటర్, బుక్‌కీపర్, ట్యాక్స్ కలెక్టర్, ఫైనాన్షియల్ అడ్వైజర్, ఆడిటర్, అందరూ కాంట్రాక్టు సంస్థలే. నెలకోసారి మీటింగ్, చాలాసార్లు పనిదినం మధ్యాహ్నం, మొదట్లో హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లోని లాయర్ ఆఫీసులో. డిస్ట్రిక్ట్‌లో కనీసం 25 మంది ఓటర్లు కాపురం ఉంటుంటే, వాళ్లలో ఐదుగురు రాతపూర్వకంగా అడిగితే, ఇప్పటి చోటు వల్ల నివాసులు రాలేకపోతున్నారని తేలిన పక్షంలో బోర్డు మీటింగును డిస్ట్రిక్ట్‌లోకే తేవాలి. కమ్యూనిటీ నుంచి మొదట చేయాల్సిన పని ఇదే. చాలా చోట్ల ఎవరూ అడగరు.

డైరెక్టర్లకు నాలుగేళ్ల పదవి, అందరికీ ఒకేసారి ముగియదు. ఎన్నిక ఎక్కువ మడ్‌లలో సరిసంఖ్య సంవత్సరాల్లో మే మొదటి శనివారం. నామినేషన్ గడువు ఫిబ్రవరి మధ్యలోనే అయిపోతుంది. పోటీ లేకపోతే ఎన్నిక రద్దు చేసి, ఉన్నవారే ఎన్నికైనట్టు ప్రకటిస్తారు. అందుకే పదేళ్లయినా అదే బోర్డు కొనసాగే కమ్యూనిటీలు కనిపిస్తాయి. ఓటేయడానికైనా డైరెక్టర్‌గా నిలబడడానికైనా అమెరికా పౌరసత్వం ఉండాలి. హెచ్-1బి వాళ్లకీ గ్రీన్ కార్డు వాళ్లకీ ఓటు లేదు. కానీ మీటింగుకి వెళ్లొచ్చు, అజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడే హక్కు 2019 చట్టంతో అందరికీ ఉంది, రికార్డులు అడగొచ్చు. సిటిజెన్‌షిప్ వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ కమ్యూనిటీల్లో ఇప్పుడు తక్కువేం లేవు. వీధికి ఒకరు ముందుకొస్తే బోర్డు మారుతుంది.

మీటింగుకి వెళ్తే ఆపరేటర్ రిపోర్టులో వాటర్ అకౌంటబిలిటీ శాతం చూడండి. తోడిన నీళ్లలో ఎన్నింటికి బిల్లు వేశారన్న లెక్క అది. 90 కింద పడుతూ ఉంటే ఎక్కడో లీకులు గానీ, చదవని మీటర్లు గానీ ఉన్నాయి, ఆ నష్టం మీరే కడుతున్నారు. అజెండాలో "బాండ్ అప్లికేషన్" అన్న మాట కనిపిస్తే కొత్త సిరీస్ రాబోతున్నట్టు. రేటు ఖరారు చేసేది సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో. ఏడాదిలో ఒక్క మీటింగుకే వెళ్లగలిగితే దానికి వెళ్లండి.

"సిటీ కలుపుకుంటే మడ్ పోతుంది" అన్న మాట

ఒకప్పుడు నిజం. 1996లో హ్యూస్టన్ సిటీ కింగ్‌వుడ్ అనే కమ్యూనిటీని నివాసులు వద్దంటున్నా కలుపుకుంది. అలా పూర్తిగా కలుపుకుంటే మడ్ రద్దయి అప్పు సిటీ మీదికి పోయేది. 2017, 2019 చట్టాల తర్వాత బలవంతపు విలీనం దాదాపు ఆగిపోయింది, నివాసుల సమ్మతి కావాలి. కాబట్టి ఆ ఆశతో ఇల్లు కొనొద్దు.

సిటీ కాకుండానే డిస్ట్రిక్ట్‌తో కమ్యూనిటీ ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే ద వుడ్‌లాండ్స్ ఉంది. హ్యూస్టన్‌కి ఉత్తరాన డెవలపర్ జార్జ్ మిచెల్ 1974లో తెరిచిన ఊరు. 1993లో అక్కడ టౌన్ సెంటర్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అని వ్యాపార ప్రాంతానికి పెట్టారు. 2007లో చట్టం మార్చి, ఓటర్లు ఒప్పుకోగా, అదే ద వుడ్‌లాండ్స్ టౌన్‌షిప్‌గా పెరిగింది. ఏడుగురు ఎన్నికైన డైరెక్టర్లు, అమ్మకపు పన్ను రాబడి, సొంత అగ్నిమాపక శాఖ, షెరిఫ్‌తో పోలీసు ఒప్పందం. నీళ్లూ మురుగూ ఇప్పటికీ మడ్‌లవే. 2021 నవంబరులో సిటీగా మారదామా అని ఓటింగు పెడితే జనం వద్దన్నారు. దుకాణాలు, హోటళ్లు ఉండబట్టి అక్కడ ఇళ్ల పన్ను మీద భారం తక్కువ. మీ కమ్యూనిటీ మ్యాపులో వాణిజ్య స్థలం ఎంత గీశారో చూడమని అందుకే అంటాను.

డాలస్ వైపు వాళ్లకి ఒక మాట. అక్కడ పిడ్ అని ఉంటే అది మడ్ కాదు. పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌కి సొంత బోర్డు ఎన్నిక ఉండదు, సిటీ కౌన్సిల్ లేదా కౌంటీ నడుపుతుంది. పడేది ఆస్తి పన్ను కాదు, లాట్‌కి ఇంత అని నిర్ణయించిన అసెస్‌మెంట్. హోమ్‌స్టెడ్ మినహాయింపు దానికి వర్తించదు, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఆస్తి పన్నులా మొత్తం చూపలేరు. అయితే చాలా చోట్ల మొత్తం ముందే కట్టి వదిలించుకోవచ్చు, మడ్‌లో ఆ వీలు లేదు. ఫ్లోరిడాలో సీడీడీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్) మరో రకం: మొదట ఎకరానికి ఒక ఓటు, ఆరేళ్లు దాటి 250 మంది ఓటర్లు చేరాక నివాసుల ఎన్నిక.

సంతకానికి ముందు

వాటర్ కోడ్ 49.452 కింద అమ్మేవాళ్లు మడ్ నోటీసును ఒప్పందానికి ముందే ఇవ్వాలి. ఇవ్వకపోతే మీకు ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. బిల్డర్ ఇచ్చే కాగితాల కట్టలో అది మధ్యలో ఎక్కడో ఉంటుంది, తీసి విడిగా పెట్టుకోండి. అందులో మూడు అంకెలు: ఇప్పటి పన్ను రేటు, ఓటర్లు ఆమోదించిన బాండ్ల మొత్తం, ఇప్పటిదాకా జారీ చేసినవి. రెండోదాంట్లోంచి మూడోది తీసేయండి. 20 కోట్లు ఆమోదించి 3 కోట్లే జారీ చేసి ఉంటే రేటు తగ్గడానికి చాలాకాలం పడుతుంది. 20కి 17 జారీ అయి, లాట్లు దాదాపు నిండి ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

తర్వాత ఎమ్మా అనే మునిసిపల్ బాండ్ల వెబ్‌సైటులో మీ మడ్ పేరు కొట్టి, చివరి బాండ్ అమ్మకపు అఫీషియల్ స్టేట్‌మెంట్ తెరవండి. ఉచితమే. ఎన్ని ఇళ్లు పూర్తయ్యాయి, ఎన్ని లాట్లు ఖాళీ, అందరికంటే ఎక్కువ పన్ను కట్టేవారు ఎవరు, డెవలపర్‌కి ఇంకా ఎంత తిరిగివ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. మొదటి పదిమంది పన్నుదారుల పట్టికలో డెవలపర్, బిల్డర్ల పేర్లే ఉంటే కమ్యూనిటీ ఇంకా వాళ్ల అమ్మకాల మీదే నిలబడి ఉందని అర్థం.

నోటీసు చేతికొచ్చాక ఆ మూడు అంకెలు, కమ్యూనిటీలో మొత్తం లాట్లు, కట్టిన ఇళ్లు ఎన్నో ఇక్కడ రాయండి. రేటు ఎటు పోయేలా ఉందో చూసి చెబుతాను.